చప్పుడు లేని కంప్యూటర్‌ని కూర్చుకోవడం

డెస్క్‌టాప్ కంప్యూటర్ ప్లగ్గు నుంచి 200 వాట్లు లాగుతోందంటే, ఆ 200 వాట్లూ వేడిగా మారి గదిలోకే వస్తాయి. మోటారు అయితే నీళ్ళు తోడి పైకి పంపుతుంది. కంప్యూటర్ అలాంటి యాంత్రిక పనేదీ చేయదు. లెక్కలన్నీ కట్టి, బొమ్మలన్నీ చూపించి, తీసుకున్న కరెంటునంతా చివరికి వేడిగా వదిలేస్తుంది. ఆ వేడిని చిప్పు మీద నుంచి తీసి క్యాబినెట్ బయటికి పంపాలంటే గాలి కదలాలి. గాలి కదలాలంటే ఫ్యాను తిరగాలి. ఫ్యాను తిరిగితే చప్పుడు. మనం వినే హోరు చాలావరకు ఈ గొలుసు చివర పుట్టేదే.

నిశ్శబ్దంగా ఉండే కంప్యూటర్ కావాలని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, ఆన్‌లైన్ దుకాణానికో వెళ్ళేవాళ్ళు సాధారణంగా ముందు వెతికేది సైలెంట్ ఫ్యాన్ల కోసం. ఆ గొలుసుకి ఫ్యాను చివరి కొస. మొదటి కొస వాట్లు. ప్రాసెసర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది అని తేల్చుకున్నప్పుడే ఆ కంప్యూటర్ ఎంత చప్పుడు చేయబోతోందో చాలావరకు తేలిపోతుంది. తర్వాత కొనే కూలరూ ఫ్యాన్లూ క్యాబినెట్టూ ఆ నిర్ణయానికి మెరుగులు దిద్దగలవు, అంతే. దాన్ని మార్చలేవు.

మాట గాల్లో తేలిపోకుండా ఒక అవసరాన్ని ఎదురుగా పెట్టుకుందాం. హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు. ఇంట్లోనే ఆడియో పుస్తకాలు చదివి రికార్డు చేసే మనిషి. అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్ కూడా. మైకు ముందు కూర్చున్నప్పుడు సీలింగ్ ఫ్యానూ ఏసీ రెండూ ఆపేయాలి. ఇక గదిలో మిగిలే చప్పుడు కంప్యూటర్‌దే. కండెన్సర్ మైకు దాన్ని వదిలిపెట్టదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీలో సన్నని హోరు పడిపోతుంది. సాఫ్ట్‌వేర్‌తో దాన్ని తీసేయవచ్చు గానీ, దాంతోపాటు గొంతులోని ఊపిరీ, ‘స’, ‘శ’ లాంటి అక్షరాల అంచులూ కొంత అరిగిపోతాయి. చదివే మనిషి కష్టమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. అందుకే చప్పుడును రికార్డింగులో నుంచి తీసేయడం కన్నా గదిలో పుట్టకుండా చూసుకోవడం మేలు.

ముందు గాలి లెక్క. ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1,000 జౌళ్ళు పడతాయి. క్యాబినెట్‌లోకి వెళ్ళిన గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుందనుకుంటే, 200 వాట్లను మోసుకుపోవడానికి సెకనుకు 17 లీటర్ల గాలి సరిపోతుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు ముందు నుంచి గాలిని లోపలికి లాగి, ఒకటి వెనక నుంచి బయటికి నెడితే, నిమిషానికి 700, 800 చుట్లతోనే ఈ పని అయిపోతుంది. ఆ వేగంలో మంచి ఫ్యాను మీటరు దూరంలో కూర్చున్నవాళ్ళకు దాదాపుగా వినబడదు. అదే 500 వాట్లయితే రెండున్నర రెట్ల గాలి కావాలి. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్యాను వేగం నుంచే.

ఇక్కడే ప్రకృతి కఠినంగా లెక్క వసూలు చేస్తుంది. ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపే అవుతుంది. మోటారుకు కావలసిన కరెంటు ఎనిమిది రెట్లవుతుంది. వెలువడే ధ్వని శక్తి మాత్రం వేగపు ఐదో ఘాతంతో పెరిగి 32 రెట్లవుతుంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 15 పెరుగుతాయి. ఇదే లెక్క వెనక్కి కూడా నడుస్తుంది. వేగం సగానికి దించితే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం 15 డెసిబెల్స్ పడిపోతుంది. పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరగడం ఎందుకు మంచిదో, చిన్న ఫ్యాన్లు వేగంగా తిరిగితే ఎందుకు కీచుమంటాయో ఈ ఒక్క సూత్రం చెబుతుంది.

డెసిబెల్ మామూలు సంఖ్య కాదు, సంవర్గమాన సంఖ్య. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది. మన చెవికి అది సుమారు రెండింతలుగా తోస్తుంది. ఒకే స్థాయిలో మోగే ఫ్యాన్లు రెండున్నా పెరిగేది 3 డెసిబెల్సే. కొనేవాళ్ళకు ఇందులో పెద్ద పాఠం ఉంది. 20 డెసిబెల్స్ ఫ్యాన్లు మూడు, 40 డెసిబెల్స్ గ్రాఫిక్స్ కార్డు ఒకటి ఉన్నాయనుకుందాం. అన్నీ కలిపితే వచ్చేది 100 కాదు, 40 మీద ఒక పిసరు. ఆ మూడు ఫ్యాన్లనూ తీసేసి, డబ్బు పోసి ప్రపంచంలోకెల్లా మంచివి పెట్టినా మొత్తం మీద తేడా చెవికి తెలియదు. గదిలో అన్నిటికన్నా గట్టిగా మోగేది ఏదైతే అదే మొత్తాన్ని శాసిస్తుంది. దాన్ని తగ్గించనంత వరకూ మిగతావాటి మీద పెట్టే రూపాయి వృథా. దాన్ని తగ్గించాక రెండో స్థానంలో ఉన్నది మొదటి స్థానానికి వస్తుంది. నిశ్శబ్దం వైపు నడక ఇలా ఒక్కో మెట్టే సాగుతుంది.

చెవికి అన్ని స్వరాలూ ఒకటి కాదు. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ చేసిన ప్రయోగాలు దీన్ని గీతలుగా గీసి చూపించాయి. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య మన చెవి చాలా చురుకు. లోతైన స్వరాల దగ్గర మందం. అందుకే ఒకే డెసిబెల్ అంకె ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి చదువుకునేటప్పుడు అడ్డమే రాదు, రెండోది తలనొప్పి తెప్పిస్తుంది. అన్ని స్వరాలూ కలిసి మెత్తగా వీచే గాలి చప్పుడును మెదడు కాసేపటికి వదిలేస్తుంది. అందులో ఒక్క స్వరం మొనదేలి వినిపిస్తే మాత్రం వదలదు. పెట్టె మీద అచ్చేసే అంకె ఈ తేడా చెప్పదు. పైగా ఒక కంపెనీ కొలిచిన తీరూ ఇంకొకరు కొలిచిన తీరూ ఒకటి కావు కాబట్టి, రెండు పెట్టెల మీది అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

పోలికకు ఒక మెట్టు కావాలంటే, 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పడకగదిలో రాత్రిపూట ఎడతెగని చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని సూచించింది. మన దేశపు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రికి పెట్టిన హద్దు 45.

ఇప్పుడు ప్రాసెసర్ దగ్గరికి వద్దాం. పెట్టె మీద ఉండే వాట్లను నమ్మి కొంటే మోసపోతాం. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో 65 వాట్లని రాసిన ప్రాసెసర్ నిజానికి 88 వాట్ల వరకూ తీసుకుంటుంది. 105 అన్నది 142 దాకా, 170 అన్నది 230 దాకా పోతుంది. ఇంటెల్ కోర్ ఐ9 14900కె మీద 125 వాట్లని ఉంటుంది, పూర్తి వేగంలో దాని పరిమితి 253. ఇవేవీ రహస్యాలు కావు, కంపెనీల పత్రాల్లోనే ఉంటాయి. కానీ దుకాణంలో కాన్ఫిగరేషన్ రాయించుకునేటప్పుడు ఎవరూ వాటి ఊసెత్తరు. మనమే అడగాలి.

రైజెన్ 7 7700, రైజెన్ 7 7700ఎక్స్ రెండూ ఎనిమిది కోర్లవే. మొదటిది 65 వాట్ల తరగతి, రెండోది 105. పనిలో తేడా కొద్ది శాతమే. వాట్లలో తేడా మాత్రం 88కీ 142కీ మధ్య ఉన్నంత. అంత కొద్ది వేగానికి అన్ని వాట్లు ఎందుకు ఖర్చవుతాయి? చిప్పు తీసుకునే శక్తి దాని పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి కాబట్టి, దెబ్బ రెండు వైపులా పడుతుంది. తిప్పి చూస్తే ఇది మనకు వరం. వేగం 10 శాతం, వోల్టేజి 10 శాతం తగ్గిస్తే శక్తి 27 శాతం తగ్గిపోతుంది. రైజెన్ మదర్‌బోర్డుల బయాస్‌లో ఉండే ఎకో మోడ్ చేసేది దాదాపు ఇదే. ఎక్స్ రకం ప్రాసెసర్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళు కొత్తది కొనక్కర్లేదు, ఆ ఒక్క సెట్టింగు మారిస్తే చాలు.

ఈ పాఠాన్ని పరిశ్రమ కూడా వేడి తగిలాకే నేర్చుకుంది. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటర్‌లో ఫ్యానే లేదు. రాడ్ హోల్ట్ రూపొందించిన స్విచింగ్ పవర్ సప్లై వేడి తక్కువ పుట్టించింది కాబట్టి అది సాధ్యమైంది. మన దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే డబ్బా ఆ కోవకు చెందినదే. 1984 నాటి మొదటి మాకింటోష్‌లోనూ ఫ్యాను లేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు వేగం కోసం పరుగు. 2003లో ఎన్‌విడియా తెచ్చిన జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా కార్డు ఎంత మోత మోగించిందంటే, ఆ కంపెనీ వాళ్ళే దాని మీద ఒక హాస్య వీడియో తీసుకున్నారు. 2004లో ఇంటెల్ తెచ్చిన ‘ప్రెస్‌కాట్’ పెంటియమ్ 4 చిప్పులు 100 వాట్లు దాటాయి. దాని తర్వాత రావలసిన ‘తేజస్’ను ఆ ఏడాది మే నెలలోనే ఇంటెల్ రద్దు చేసుకుని, ఒక కోరును పరుగెత్తించడం మాని రెండు కోర్ల దారి పట్టింది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో 65 వాట్లలో అంతకన్నా ఎక్కువ పని చేసి చూపించింది. వేడి తగ్గితే వేగం చచ్చిపోదని రుజువైన ఏడాది అది.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో మొదటి ప్రశ్న, అసలు కావాలా? రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, ఎఫ్ రకాలు తప్ప, లోపలే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది. ఆడియో పనికీ, రాతకోతలకూ, మామూలు వీడియోలకూ అది చాలు. లేని కార్డును మించిన నిశ్శబ్ద కార్డు లేదు. ఎడిటింగో ఆటలో ఉంటే వాట్లు చూసి ఎంచుకోవాలి. ఆర్‌టీఎక్స్ 4060 పరిమితి 115 వాట్లు, 4070ది 200, 4090ది 450. ఈ మూడింటికీ పేరులో తేడా ఒక అంకె. గదిలో తేడా చాలా పెద్దది. ఒకే చిప్పుతో వేర్వేరు కంపెనీలు కార్డులు చేస్తాయి. వాటిలో బరువైన రేకులు, పెద్ద ఫ్యాన్లు ఉన్నదాన్ని తీసుకోవడం మంచిది. చిప్పు 50, 60 డిగ్రీలు దాటేవరకూ ఫ్యాన్లు పూర్తిగా ఆగి ఉండే సదుపాయం ఉందో లేదో అడిగి మరీ తీసుకోవాలి.

మన మనిషికి ఈ సదుపాయమే ప్రాణం. రికార్డింగ్ నడిచేటప్పుడు కంప్యూటర్‌కు పెద్ద పనుండదు. అప్పుడది లాగేది 50 నుంచి 70 వాట్లు. వీడియో ఎగుమతి చేసేటప్పుడు హోరెత్తినా పర్వాలేదు, ఆ సమయంలో ఎవరూ మైకు ముందు కూర్చోరు. నిశ్శబ్దం కావలసింది పని తక్కువగా ఉన్న వేళ. చాలా సమీక్షలు పూర్తి భారం మీద కొలిచిన చప్పుడునే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. నేనైతే ముందు చూసేది ఖాళీగా ఉన్నప్పటి చప్పుడు. ఎందుకంటే ఫ్యాను నెమ్మదించగలదు, ఆగిపోగలదు. పని ఉన్నా లేకపోయినా ఒకే తీరున మోగేవి వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది హార్డ్ డిస్క్. 7,200 చుట్ల డిస్కు సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఆ 120 హెర్ట్జ్ కంపనం మరల గుండా క్యాబినెట్ రేకులోకి దిగి, రేకు మొత్తం చిన్న స్పీకరైపోతుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. పాత రికార్డింగులు దాచడానికి పెద్ద డిస్కులు తప్పకపోతే, వాటిని వేరే గదిలో ఒక నెట్‌వర్క్ పెట్టెలో పెట్టి కేబుల్ లాగడం ఉత్తమం. రెండోది లిక్విడ్ కూలర్ పంపు. నీళ్ళతో చల్లబరిస్తే చప్పుడుండదని ఒక నమ్మకం ఉంది. నీరు వేడిని రేడియేటర్ దాకా మోస్తుంది, అంతే. అక్కడ మళ్ళీ ఫ్యాన్లే ఆ వేడిని గాలిలో కలపాలి. పైగా మధ్యలో ఆగకుండా నడిచే ఒక పంపు. 250 వాట్ల ప్రాసెసర్‌కి దాని అవసరం ఉండవచ్చు. 88 వాట్లకు లేదు.

ఆ 88 వాట్లకు కావలసింది ఒక మంచి ఎయిర్ కూలర్. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే అల్యూమినియం రేకులూ, వాటిలో గుచ్చిన ఆరేడు రాగి గొట్టాలూ కనిపిస్తాయి. అసలు అద్భుతం ఆ గొట్టాల లోపలుంది. వాటిలో గాలి తీసేసి కాస్త నీరు పోసి మూసేస్తారు. పీడనం చాలా తక్కువ కాబట్టి నీరు మరగడానికి 100 డిగ్రీల దాకా ఆగదు, గోరువెచ్చదనానికే ఆవిరవుతుంది. ప్రాసెసర్ వైపు ఆవిరైన నీరు గొట్టం పైకొసకు పరుగెత్తి, రేకుల చల్లదనానికి మళ్ళీ నీరైపోతుంది. గొట్టం లోపలి గోడకు అతికించిన రాగిపొడి పొర, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు, కేశనాళికా చర్యతో ఆ నీటిని వెనక్కి లాక్కుంటుంది. గ్రాము నీరు ఆవిరి కావడానికి 2,000 జౌళ్ళకు పైనే తీసుకుంటుంది కాబట్టి, 88 వాట్లను మోయడానికి సెకనుకు గ్రాములో పాతికో వంతు నీరు తిరిగితే చాలు. పంపు లేదు, కరెంటు లేదు, చప్పుడూ లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీనికి హీట్ పైప్ అని పేరు పెట్టాడు. అంతరిక్షంలో ఉపగ్రహాల వేడిని సర్దే పద్ధతి ఇవాళ మన బల్ల కింద అదే పని చేస్తోంది.

రెండు గోపురాల కూలర్లు దీనికి సరిగ్గా సరిపోతాయి. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 ఆ తరగతిలో పేరుపడ్డది. 2014 నుంచి ఉన్న ఆ కూలర్ ఎత్తు 165 మిల్లీమీటర్లు. దానికన్నా బాగా తక్కువ ధరలో థర్మల్‌రైట్ పియర్‌లెస్ అసాసిన్ లాంటివి దాదాపు అంతే పని చేస్తాయి. 88 వాట్ల దగ్గర ఆ ధర తేడాకు తగిన ఫలితం నాకు కనిపించదు. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డు కూలింగ్ మీద పెట్టడం తెలివైన పని. కొనేముందు క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను ఇముడ్చుకోగలదో చూసుకోవాలి. పక్క తలుపు మూసుకోకపోవడం అసెంబుల్ చేసే బల్ల దగ్గర తరచూ బయటపడే సంగతి.

క్యాబినెట్ విషయంలో ఒకప్పటి ఆలోచన వేరు. లోపలి గోడలకు ఫోమ్ అతికించి, ముందు తలుపు మూసేసి చప్పుడును బంధించాలనుకునేవారు. భౌతికశాస్త్రం దీనికి పూర్తిగా ఒప్పుకోదు. మెత్తటి పదార్థం ధ్వనిని బాగా మింగాలంటే దాని మందం తరంగ దైర్ఘ్యంలో నాలుగో వంతు దరిదాపుల్లో ఉండాలి. 150 హెర్ట్జ్ ఫ్యాను గుర్రు తరంగ దైర్ఘ్యం రెండు మీటర్ల పైచిలుకు. కొన్ని మిల్లీమీటర్ల ఫోమ్ దానికి అడ్డమే కాదు. కీచుస్వరాలను కొంత మింగుతుంది, రేకు కంపనాన్ని కొంత ఆపుతుంది, అంతవరకే. బదులుగా మూసిన తలుపు గాలిని ఆపేసి ఫ్యాన్ల వేగం పెంచుతుంది. ముందువైపంతా జాలీ ఉన్న క్యాబినెట్‌లో ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగితే, మొత్తం మీద చప్పుడు తక్కువే వస్తుంది. ముందు గాజుపలక, దాని వెనక రంగురంగుల లైట్ల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్లు దుకాణాల అద్దాల్లో ముందు వరుసలో ఉంటాయి. గాలి వెళ్ళే దారి ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడగండి. పక్కన సన్నని చీలిక చూపిస్తే దాన్ని అక్కడే వదిలేయండి.

ఫ్యాన్ల దగ్గర గాలి ప్రవాహం ఎంత నునుపుగా ఉంటే అంత మేలు. రెక్కకు మరీ దగ్గరగా ఇనుప జల్లెడ ఉంటే, ప్రతి రెక్కా ఆ అడ్డును దాటినప్పుడల్లా ఒక తోపు పుడుతుంది. ఏడు రెక్కల ఫ్యాను 1,200 చుట్లతో తిరిగితే సెకనుకు 140 తోపులు. అదే ఆ ఫ్యాను స్వరం. పక్కపక్కనున్న రెండు ఫ్యాన్లు కొద్ది తేడాతో తిరిగితే ఆ స్వరాలు కలిసి విస్పందనాలు పుడతాయి. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివినవే. హోరు పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. ఆ ఊగుడు చెవికి చాలా చికాకు. వాటి వేగాలను కావాలని 100 చుట్లు ఎడంగా పెడితే ఊగుడు వేగమై అంతగా చికాకు పెట్టదు. బేరింగ్ విషయంలో ఫ్లూయిడ్ డైనమిక్ రకం తీసుకోవడం, నాలుగు పిన్నుల ఫ్యాన్లనే తీసుకోవడం మంచిది. ఆ నాలుగో పిన్ను మీద వచ్చే వేగ నియంత్రణ సంకేతం 25,000 హెర్ట్జ్ దగ్గర ఉండాలని ఇంటెల్ ప్రమాణం చెబుతుంది. మనిషి వినికిడి 20,000 దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆ సంకేతం మోటారును గిల్లినా మనకు వినబడదు. ఇలాంటి చిన్న చిన్న ఆలోచనలు చూస్తే ఇంజనీర్ల మీద గౌరవం పెరుగుతుంది.

ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం కూడా వేడి లెక్కే. భాగాలకు 200 వాట్లు అందించడానికి 80 శాతం సామర్థ్యం ఉన్నది 250 వాట్లు లాగి, 50 వాట్లను తన డబ్బాలోనే వేడి చేసుకుంటుంది. 90 శాతం ఉన్నది 22 వాట్లే పోగొట్టుకుంటుంది. అందుకే 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నది కొనాలి. మన కంప్యూటర్ గరిష్ఠంగా 300 వాట్ల దగ్గర ఆగేదైనా 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకోమంటాను. సగం భారంలో సామర్థ్యం బాగుంటుంది. తక్కువ భారంలో ఫ్యాను ఆగిపోయే రకమైతే రికార్డింగ్ వేళ అది ఉన్నట్టే తెలియదు. కరెంటు దారుల్లోని తీగచుట్టలు సన్నగా కీచుమనే జబ్బు ఒకటుంది. చుట్టలో మారే అయస్కాంత బలం తీగను కంపింపజేయడం దానికి కారణం. అది ఏ గ్రాఫిక్స్ కార్డులో వస్తుందో కొనేముందు చెప్పలేం. ఆటలో సెకనుకు వందల ఫ్రేములు గీయనివ్వకుండా 60కి కట్టేస్తే చాలాసార్లు నెమ్మదిస్తుంది. నెమ్మదించకపోతే మార్చుకోవడమే. అందుకే వెనక్కి తీసుకునే షరతు ఉన్న చోట కొనాలి.

నిశ్శబ్ద భాగాలకు పేరుపడ్డ కంపెనీలు చలిదేశాలవి. నాక్టువా ఆస్ట్రియాది, బీ క్వైట్ జర్మనీది, ఫ్రాక్టల్ డిజైన్ స్వీడన్‌ది. సమీక్షలు కూడా ఎక్కువగా 20, 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. మన మే నెల గది అది కాదు. కూలర్ చేయగలిగేది, చిప్పు గది కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలో నిర్ణయించడమే. చుట్టూ ఉన్న గాలి కన్నా కిందికి దాన్ని దించడం ఏ కూలర్ తరమూ కాదు. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లతో 88 వాట్ల ప్రాసెసర్ గది కన్నా 45 డిగ్రీలు పైకి పోతుందనుకుందాం. 22 డిగ్రీల గదిలో అది 67. ఏసీ ఆపిన 38 డిగ్రీల గదిలో 83. రైజెన్ 7000 హద్దు 95 కాబట్టి ఇంకా ఊపిరి తీసుకునే చోటుంది. అదే కూలర్ మీద, అదే ఫ్యాను వేగంతో 142 వాట్ల ప్రాసెసర్ పెడితే పెరుగుదల 72 డిగ్రీల దాకా పోతుంది. 22 డిగ్రీల గదిలో 94తో గట్టెక్కుతుంది. 38 డిగ్రీల గదిలో 110 కావాలి, అది కుదరదు. ఇక ఫ్యాన్లు అరవడమో, చిప్పు తన వేగం తానే తగ్గించుకోవడమో జరగాలి. విజయవాడలోనో రామగుండంలోనో ఉన్నవాళ్ళకు తక్కువ వాట్లు ఇంకా అవసరం. ఏసీ ఆపిన రికార్డింగ్ గదిలో ఈ వేడి మనిషికీ తగులుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచే సుమారు 100 వాట్లు వస్తాయి. దానికి కంప్యూటర్ ఎంత తక్కువ కలిపితే అంత ఎక్కువసేపు చదవగలరు.

దుమ్ము సంగతి రెండు మాటల్లో. రేకుల మధ్య దుమ్ము చేరితే గాలి తగ్గి, ఫ్యాను వేగం పెరుగుతుంది. లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి నెట్టేవాటి కన్నా ఎక్కువుండి, వాటి ముందు ఫిల్టరు ఉంటే సందుల గుండా దుమ్ము చొరబడదు. నెలకోసారి ఆ ఫిల్టరు కడగడం చాలు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి, వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

గది కూడా ఒక భాగమే. మన ఇళ్ళలో గ్రానైటు, టైల్సు నేల, సున్నం గోడలు. చప్పుడు వాటి మధ్య చాలాసేపు తిరుగుతుంది. ఆరుబయట దూరం రెట్టింపయితే 6 డెసిబెల్స్ తగ్గాలి, ఇలాంటి గదిలో అంత తగ్గవు. బరువైన కర్టెన్లు, నిండు పుస్తకాల అర, ఒక పరుపు గది తీరునే మార్చేస్తాయి. క్యాబినెట్‌ను బల్ల మీద నుంచి తీసి, బల్ల పక్కన రబ్బరు అడుగుల మీద, మైకు వెనకవైపు పడేలా పెట్టాలి. వీపు చూపించిన వైపు నుంచి వచ్చేదాన్ని కార్డియాయిడ్ మైకు బాగా తక్కువ పట్టుకుంటుంది. ఇందులో ఖర్చు పెద్దగా లేదు, ఫలితం చాలా ఉంది. చౌక ఇన్వర్టర్ చదరపు తరంగం ఇస్తుంటే కరెంటు పోయినప్పుడు ఇంట్లో ట్రాన్స్‌ఫార్మర్లన్నీ గుర్రుమంటాయి. రికార్డింగ్ చేసే ఇంటికి సైన్ వేవ్ ఇన్వర్టరే సరైనది.

అన్నీ బిగించాక బయాస్‌లో చేసే పని మిగులుతుంది. చాలామంది ఇక్కడికి రాకుండానే ఆగిపోతారు. ప్రాసెసర్ ఒక్క క్షణం పని చేసినా దాని ఉష్ణోగ్రత 15, 20 డిగ్రీలు ఎగిరి పడుతుంది. మదర్‌బోర్డు మామూలుగా పెట్టి పంపే సెట్టింగులో ఫ్యాను కూడా దాని వెంట ఎగిరి పడుతుంది. ఒకే తీరున ఉండే హోరు కన్నా ఈ పెరిగి తగ్గే హోరు చెవిని ఎక్కువ లాగుతుంది. కూలర్ అంత బరువున్నది ఆ క్షణకాలపు వేడిని మింగడానికే కాబట్టి ఫ్యాను తొందరపడనక్కర్లేదు. ఉష్ణోగ్రత 65 డిగ్రీలు దాటేవరకూ ఫ్యాను ఒకే కనిష్ఠ వేగంలో ఉండేలా, మార్పుకు ముందు కొన్ని సెకన్లు ఆగేలా పెట్టాలి. ఆ తర్వాత నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్‌కి కాక, మదర్‌బోర్డు ఉష్ణోగ్రతకు ముడిపెడితే ఇంకా నింపాదిగా ఉంటాయి.

తర్వాత పరీక్ష. రాత్రి గది ఫ్యాను ఆపేసి, క్యాబినెట్ తలుపు తీసి, రెక్కలకు తగలకుండా ఒక్కో ఫ్యాను నడిమి బొడిపె మీద వేలు పెట్టి రెండు క్షణాలు ఆపి వినాలి. ఏది ఆగినప్పుడు గది మారినట్టు అనిపిస్తుందో అదే ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా మోగేది. దాని వేగం దించాలి. దాంతో ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూసి, మళ్ళీ ఇంకో ఫ్యాను దగ్గరికి వెళ్ళాలి. మైకు పెట్టి పది సెకన్ల ఖాళీ రికార్డు చేసుకుని ముందుదీ తర్వాతదీ పోల్చుకుంటే చెవి పొరపాటుకు చోటుండదు. చలికాలంలో కుదిరిన ఈ అమరికను మే నెల మధ్యాహ్నం ఏసీ ఆపి, ఒక పెద్ద వీడియోను ఎగుమతికి పెట్టి అరగంట చూడాలి. ప్రాసెసర్ 90 దాటకుండా నిలబడితే ఆ అమరికను ఇక కదపనక్కర్లేదు. దాటితే ఫ్యాను వేగం పెంచే ముందు ఎకో మోడ్‌లోకి వెళ్ళి ఇంకో 20 వాట్లు తగ్గించి చూడండి.